ఉత్తరపు గోడ ఎందుకు రాలింది?

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏ సిమెంటు వాడాలి సార్?" నాకు ఒళ్ళు మండుతుంది. రోగి మొహం చూడకుండా మందు పేరు అడిగినట్టుంటుంది. గోడ ఎందుకు రాలుతోందో తెలియనివాడికి ఏ సిమెంటైతే ఏం లాభం? అందుకే నాకు తెలిసిన రెండు మూడు గోడల సంగతి రాసి పెడుతున్నాను. నా ఉద్యోగం ఎప్పుడు పెరిగిందో, జీతం ఎంత వచ్చిందో ఇందులో ఉండదు. అవి నాకే ఆసక్తి లేని విషయాలు.

నేను బందరులో పుట్టాను. మా నాన్న సున్నం గానుగ నడిపేవారు. ఎద్దు తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నం, ఇసుక వెన్నలా నలుగుతుండేవి. నేను డిప్లొమా చదివి, మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఇంజనీరు గారి దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. మేము కొత్త ఇళ్ళు కట్టింది తక్కువ. పాత ఇళ్ళ బయటి గోడలకు పెచ్చులూడితే, చెమ్మెక్కితే, బీటలిస్తే బాగుచేయడం మా పని. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఆ పనికి కరువు లేదు.

నాలుక సంగతి

గోడలో ఉప్పుందా లేదా తెలుసుకోవడానికి నాకు తెలిసిన సులువైన మార్గం నాలుక. పొడి రాలుతున్న చోట వేలు రాసి, నాలుక మీద పెట్టుకోవాలి. మామూలు చెమ్మకు రుచి ఉండదు. ఉప్పు చెమ్మ వెంటనే తెలుస్తుంది. ఎత్తు మారుతూ నాలుగైదు చోట్ల చూస్తే ఆ ఉప్పు నేలలోంచి ఎక్కుతోందో, గాలి వెంట వస్తోందో కూడా చాలావరకు తెలిసిపోతుంది. నన్ను వెనకాల "గోడలు నాకే సాయిబు" అనేవారని నాకు తెలుసు. అననివ్వండి.

కాకపోతే దీనికీ ఒక హద్దుంది. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఒక ఇంటికి వెళ్ళాను. ఒక కిటికీ కింద మాత్రమే గోడ తినేసినట్టుంది. మిగతా గోడంతా నిక్షేపంగా ఉంది. సముద్రపు గాలి అంటున్నారు ఇంటివాళ్ళు. సముద్రపు గాలి ఒక్క కిటికీనే ఎందుకు పట్టుకుంటుందా అని నాకు భలే కుతూహలం పుట్టింది. వేలు రాశాను, నోట్లో పెట్టుకున్నాను. నాలుక చురుక్కుమని కాలిపోయింది! నగలు శుభ్రం చేశాక మిగిలిన ఆసిడు నీళ్ళు ఆ కిటికీలోంచే పారబోస్తున్నారట.

"అయ్యో, అడిగితే చెప్పేవాళ్ళం కదండీ!" అన్నాడు ఇంటాయన, నాకు పంచదార అందిస్తూ.

నిజమే. అడిగితే చెప్పేవాళ్ళు. రెండు రోజులు అన్నం రుచి తెలియకపోయినా, ఆ మాట మాత్రం నాకు బాగా ఎక్కింది. ఎక్కిందనే అనుకున్నాను.

మా పెద్దాయన

మా ఇంజనీరు గారి పేరు సుబ్బారావు గారు. మనిషి మంచివాడు, నోరు మంచిది కాదు. సిమెంటంటే ఆయనకు ప్రాణం. "సిమెంటుకి సమాధానం చెప్పగల ఉప్పు ఇంకా పుట్టలేదోయ్" అనేవారు. నేను సున్నం పేరెత్తితే, "మీ నాన్న గానుగ అమ్ముడుపోక నన్ను పట్టుకున్నావా?" అని ఎగతాళి చేసేవారు. వాదించి ఆయన్ని గెలిచినవాడు లేడు. కానీ గోడ దగ్గరకు తీసుకెళ్ళి చూపిస్తే, చూసినదాన్ని లేదనే రకం కాదు. ఇలాంటి పై అధికారి దొరికితే తిట్లు తిన్నా ఫరవాలేదు, వదులుకోకండి. తియ్యగా మాట్లాడి, చూపించినా చూడనివాళ్ళ దగ్గర తరువాత పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

ఆయనకు మొదట అనుమానం పుట్టించింది గుడివాడలో ఒక ఇల్లు. చవుడు నేల మీద కట్టిన పాత ఇల్లు. గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగుతోందని ఇంటి యజమాని మమ్మల్ని పిలవకుండానే సొంత వైద్యం చేసుకున్నాడు. ఖరీదైన ఆయిల్ పెయింటు తెచ్చి రెండు పూతలు వేయించాడు. వర్షాలు వెళ్ళేసరికి గోడ పూరీలా పొంగింది. మేము వెళ్ళేటప్పటికి ఇంట్లో ఆడవాళ్ళు వేలితో నొక్కి నవ్వుకుంటున్నారు. సుబ్బారావు గారు కూడా ఒకచోట నొక్కారు. పొక్కు పగిలి లోపలి నుంచి నీళ్ళు, ఇటుక పొడి ఆయన చొక్కా మీద పడ్డాయి.

"నోరు మూసేస్తే ఇంతే కాబోలు" అన్నారు చొక్కా దులుపుకుంటూ.

గోడ తాగిన నీటిని మళ్ళీ బయటకు వదలాలి. దారి మూస్తే ఆ నీటితో వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి, పూతనీ ఇటుకనీ విడదీసేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తరువాత చెప్పబోయేది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

దివిసీమలో డాబా ఇల్లు

ఉప్పెన వచ్చి వెళ్ళాక దివిసీమలో మాకు చాలా పని పడింది. ఆ రోజుల గురించి రాయడం నాకు చేతకాదు, రాయను కూడా. ఇళ్ళు బాగుచేయించడానికి డబ్బు పెట్టిన ఒక ధర్మసంస్థ సుబ్బారావు గారికి కొన్ని ఊళ్ళు అప్పగించింది. వాటిలో హంసలదీవి దగ్గర ఒక పల్లెలో ఒక డాబా ఇల్లుంది. ఆ పక్కన నిలబడిన ఇల్లు అదొక్కటే. ఉప్పెన రాత్రి ఆ డాబా మీదకు ఎక్కినవాళ్ళంతా బతికారు.

ఇంటావిడ వెంకాయమ్మ గారు. యాభై దాటిన మనిషి, భర్త ఏనాడో పోయారు. ఉప్పెన దాకా ఆమె, అత్తగారు ఇద్దరే ఉండేవారు. ఆ తరువాత ఆమె ఒక్కతే.

ఆ ఇంటి సమస్య విచిత్రమైనది. సముద్రం దక్షిణాన ఉంది. గాలి, అల, నురగ అన్నీ దక్షిణపు గోడకే తగలాలి. ఆ గోడ మాత్రం చెక్కుచెదరలేదు. సముద్రానికి వీపు పెట్టుకున్న ఉత్తరపు గోడ రాలిపోతోంది. ఉప్పెన తరువాత మేము దానికి సిమెంటు గిలాబా పూయించాం. కొన్ని నెలలకే పలకలు పలకలుగా ఊడింది. మేస్త్రి ఇసుక ఎక్కువ కలిపాడని తిట్టి, సుబ్బారావు గారు దగ్గర నిలబడి మళ్ళీ చేయించారు. అదీ ఊడింది. ఈసారి వెనకాల ఇటుక కూడా పిండి అయిపోయి, చెయ్యి పెడితే లోపలికి పోతోంది. డాబా దూలాలు ఆ గోడ మీదే ఆనుకున్నాయి.

సుబ్బారావు గారు చాలాసేపు చూశారు. ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు.

"ఇది కూలితే ఈవిడ మీదే కూలుతుంది. దూలాల కింద దుంగలు పోట్లుగా నిలబెట్టి గోడ తీసేద్దాం. కొత్తది కడదాం" అన్నారు.

వెంకాయమ్మ గారు గుమ్మంలో నిలబడి విన్నారు. "ఆ గోడ తియ్యటానికి ఈల్లేదండి" అన్నారు.

"ఎందుకమ్మా? కొత్తది కట్టిస్తాం కదా, నీ చేతి పైసా పడదు."

"కొత్తది కట్టండి, ఇంకెక్కడన్నా కట్టండి. దాని మీద గునపం పడితే నేను అడ్డం పడుకుంటాను."

మొండితనం అనుకున్నాం ఇద్దరం. సుబ్బారావు గారు నా వైపు తిరిగి, "కాలవలు కట్టేసేదాకా నీకు గడువు. ఎందుకు రాలుతోందో కనిపెట్టు. లేకపోతే గునపం పట్టించడమే" అన్నారు. మా వైపు వేసవిలో కాలవలకు నీళ్ళు ఆపేస్తారు. అంటే నా చేతిలో ఆ చలికాలం మాత్రమే ఉంది.

తప్పుడు ఊహలు

బందరు నుంచి బస్సులో కోడూరు దాకా, అక్కణ్ణుంచి అద్దె సైకిలు. నేను వెళ్ళేసరికి ఎండెక్కేది. వెళ్ళిన ప్రతిసారీ ఒక ఊహ పట్టుకెళ్ళి, అది తప్పని తెలుసుకుని వచ్చేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు అది చాలా సరదాగా ఉండేది.

నేలలోంచి ఎక్కుతోందనుకున్నాను. పునాది దగ్గర తవ్వి చూశాను. అడుగున గోడ గట్టిగానే ఉంది. నేల ఉప్పయితే మోకాలి ఎత్తులో మొదలవ్వాలి. ఇక్కడ గుండెల ఎత్తులో, కిటికీ చుట్టూ మొదలై కిందకు దిగుతోంది. పైనుంచి వానకు కారుతోందేమో అని డాబా ఎక్కాను. కప్పు బాగుంది, నీళ్ళు పోయే తూము రెండో వైపుంది. ఆ గోడ వరకు ఇటుక వేరే బట్టీదేమో అని కూడా చూశాను. అన్నీ ఒకటే.

నాలుక వాడకుండా ఎలా ఉంటాను? అడుగున కాస్త ఉప్పన, కిటికీ పక్కన మాత్రం నోరు ముడుచుకుపోయేంత ఉప్పు. ఇంత ఉప్పు గుండెల ఎత్తుకు ఎవరు మోసుకొచ్చారు? ఆ కిటికీ చట్రానికి పసుపు, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కిటికీకి బొట్లేమిటా అనుకున్నాను. వాళ్ళ ఆచారం ఏదో ఉంటుంది, నాకెందుకని ఊరుకున్నాను. చిలకలపూడి పాఠం అప్పుడు గుర్తు రాలేదు.

ఉప్పెనకు సముద్రం అన్ని బావుల్లోనూ పడింది కాబట్టి, బావి సంగతి మాత్రం అడిగాను.

"ఇప్పుడు తీపెక్కిందండి. తాగుతన్నాం, వండుకుంటన్నాం" అన్నారు వెంకాయమ్మ గారు. పక్కన కొత్తగా గుడిసెలు వేసుకున్నవాళ్ళూ అదే మాటన్నారు. ఇంకేం, ఆ దారి వదిలేశాను.

ఒక మధ్యాహ్నం ఎండలో తిరిగి తిరిగి అరుగు మీద కూలబడ్డాను. ఆమె పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చారు. అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. గటగటా తాగేసి, మర్యాదకి నాలుగు మాటలు చెప్పాలి కదా, "ఉప్పు సరిగ్గా కుదిరిందమ్మా" అన్నాను.

"ఉప్పా? నేను ఉప్పెయ్యలేదే సాయిబు గారూ! మీకు రక్తపోటున్నా ఉండొచ్చని ఒట్టిదే కలిపాను."

ఖాళీ గ్లాసు అడుగున మిగిలిన చుక్క మళ్ళీ నాలుక మీద వేసుకున్నాను. ఉప్పే. లేచి బావి దగ్గరకు పరుగు తీశాను. చేద వేసి, దోసిలితో తాగాను. మొదటి గుక్కకే ఉమ్మేశాను. ఆ నీళ్ళు తీపెక్కలేదు. ఉప్పెనకు ముందున్న నీళ్ళ రుచి ఆ ఊరివాళ్ళ నాలుకలే మరిచిపోయాయి. విషం లాంటి ఉప్పు కాస్త విరిగేసరికి అదే తీపి అయింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకు నిజంగా అలాగే ఉంది. నాకు అప్పుడు ఆశ్చర్యం ఎంతో, దిగులూ అంతే కలిగింది.

సగం చిక్కు విడింది. ఉప్పు బావిలోది. మరి బావి నీళ్ళు గోడ మీదకు ఎలా వెళుతున్నాయి? ఈసారి వేలు గోడకు రాయలేదు. ఆమెనే అడిగాను.

"గోడ మీద నీళ్ళు గానీ పడుతున్నాయా అమ్మా?"

"పడటం ఏంటండీ, నేనే పోస్తన్నా. రోజూ తెల్లారగట్ల, నేను పోసుకోకముందే దానికి నాలుగు బిందెలు పోస్తాను. శుక్రవారం చుట్టుపక్కల ఆడాళ్ళు కూడా వచ్చి పోసి, బొట్టు పెట్టి వెళ్తారు. ఈ డాబా ఎక్కి బతికినోళ్ళే అందరూ."

"ఎందుకమ్మా?"

ఆమె నన్ను వింతగా చూశారు. "సముద్రంలో మునిగితే తరవాత మంచినీళ్ళు పోసుకోరా ఎవరన్నా?"

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో, నది సముద్రంలో కలిసే సంగమంలో మునిగినవాళ్ళంతా చేసేది అదే. ఒంటి ఉప్పు పోయేదాకా మంచినీళ్ళు పోసుకుని గాని పొడిబట్ట కట్టరు. ఆమే అరుగు మీద కూర్చుని చెప్పారు.

"ఆ రోజు నీళ్ళు ఇంట్లోకొచ్చేసినయ్. మెట్లెక్కుదామని మా అత్తా నేనూ ఇటేపు గుమ్మంలోంచి బయటపడ్డాం. మెట్ల దాకా పోనివ్వలేదు. ఒక చేత్తో ఆ కిటికీ ఊచ పట్టుకున్నా, ఒక చేత్తో మా అత్తని పట్టుకున్నా. ఇల్లంతా సముద్రానికి అడ్డం నిలబడింది, ఇటేపు జోరు తక్కువ. అయినా గానీ... నేను మా అత్తని వదిలేశాను సాయిబు గారూ. గోడ నన్ను వదల్లేదు. తెల్లారాక ఎవరో నన్ను ఆ ఊచ నుంచి విడదీసి, క్యాంపులో తలంటి పోశారు. నాకు పోశారు. దానికెవరు పోశారు?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తిరిగాయని చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

చెప్పడమా, మానడమా

ఇంటికొచ్చి రెండు రోజులు ఇదే ఆలోచన. కొన్ని నీళ్ళు పోస్తే గోడ కడిగినట్టవుతుందని ఆమె నమ్మకం. పోసిన ప్రతి బిందెనీ గోడ తాగుతోంది. ఎండకు నీరు పోయి ఉప్పు మిగులుతోంది. పైన మేము పూసిన సిమెంటు ఆ నీటిని సరిగా బయటకు పోనివ్వక, ఉప్పంతా ఇటుకలోనే పోగుచేసింది. ఆమె ప్రేమ, మా సిమెంటు కలిసి గోడను తింటున్నాయి. ఈ మాట ఆమెతో ఎలా చెప్పను? ఏదో వంక చెప్పి నీళ్ళు మాన్పించమంది ఇంట్లో మా ఆవిడ. నాకు మనసొప్పలేదు. గోడ ఎవరిదో వాళ్ళకు గోడ జబ్బు తెలియాలి. వంక చెబితే ఈ శుక్రవారం కాకపోతే వచ్చే శుక్రవారం ఎవరో మళ్ళీ పోస్తారు. ఇప్పటికీ నాది అదే మాట. ఇంటివాళ్ళకు అబద్ధం చెప్పి చేసిన రిపేరు నిలబడదు.

కోడూరు నుంచి ఒక సీసాలో కాలవ నీళ్ళు తీసుకెళ్ళాను. ముందు అది తాగమన్నాను. తరువాత బావి నీళ్ళు తాగమన్నాను. ఆమె రెండోది నోట్లో ఉంచుకుని అలాగే ఉండిపోయారు. మింగలేదు, ఉమ్మలేదు. నేను చెప్పవలసింది చెప్పాను.

"అంటే దాన్ని నేనే చంపుతున్నానా?" అన్నారు చివరికి.

"మీరూ, మేమూ కలిసి. కానీ ఇంకా చావలేదమ్మా. అందుకే వచ్చాను."

సుబ్బారావు గారికి చెబితే ఒకసారి నన్ను, ఒకసారి కప్పు వైపు చూశారు. మర్నాడు నాతో బస్సెక్కారు. బావి నీళ్ళు తాగారు, ఉమ్మారు, గోడంతా తడిమారు. "సరే, మీ నాన్న గానుగ తిప్పమను" అన్నారు.

చేసిన వైద్యం

దూలాలకు పోట్లు పెట్టి బరువు తీశాం. సిమెంటంతా గీకేశాం. పిండి అయిన ఇటుకలు కొన్ని కొన్నిగా తీసి కొత్తవి పెట్టాం. తరువాత కాలవ ఒండ్రుమట్టి, గడ్డి తరుగు, మంచినీళ్ళతో కలిపి, తలనొప్పికి శొంఠి పట్టు వేసినట్టు గోడంతా మందంగా పట్టించాం. తడి మట్టి ఆరుతూ గోడలోని ఉప్పును తనలోకి లాక్కుంటుంది. ఎండి రాలాక ఆ మట్టిని దూరంగా పారేసి మళ్ళీ కొత్తది పట్టించాలి. మొదటిసారి రాలిన మట్టి మీద ఉప్పు తెల్లగా మెరిసింది. చివరిసారికి దాదాపు లేదు.

దీనికంతటికీ మంచినీళ్ళు కావాలి. ఉప్పు నీళ్ళతో కలిపితే వైద్యమే రోగం. శుక్రవారం వచ్చే ఆడవాళ్ళే, బిందెల్లో కాలవ నీళ్ళు తెచ్చి గోడ మీద కాకుండా మా మట్టి గుంటలో పోశారు. తాగడానికే కరువైన నీళ్ళు అవి. కాలవలు కట్టేసే ముందే గానుగ సున్నంతో పల్చగా గిలాబా పూర్తయింది. దాని మీద రంగు వెయ్యనివ్వలేదు.

"ఇక నేనేం చెయ్యాలి దానికి?" అని అడిగారు వెంకాయమ్మ గారు.

"ఏమీ చెయ్యొద్దమ్మా. ఆరనివ్వండి."

అది ఆమెకు ఎంత కష్టమైన పనో నాకు తరువాత తెలిసింది. తెల్లవారుజామున నిండు బిందెతో గోడ దాకా వచ్చి, కాసేపు నిలబడి, బిందెతోనే వెనక్కి వెళ్ళేవారని పక్కింటివాళ్ళు చెప్పారు.

వేసవి ముదిరాక పోట్లు తీయడానికి సుబ్బారావు గారు, నేనూ వెళ్ళాం. ఆయన గోడను అంగుళం అంగుళం వేలితో కొట్టి చూసి, పనివాళ్ళకు సైగ చేశారు. పోట్లు ఒక్కొక్కటే తీశారు. దూలాలు కదల్లేదు. అప్పుడు వెంకాయమ్మ గారు నా దగ్గరకు వచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు చిన్న గొంతుతో అడిగారు.

"నీళ్ళు పొయ్యను. ఒకసారి ముట్టుకోవచ్చా?"

ముట్టుకోమన్నాను. ఆమె వెళ్ళి కిటికీ పక్కన, ఊచకు దగ్గరగా, అరచెయ్యి ఆనించారు. ఉలిక్కిపడి తీసేశారు. మళ్ళీ ఆనించారు.

"వెచ్చగా ఉందండీ" అన్నారు. "ఇన్నాళ్ళూ ఎప్పుడు పట్టుకున్నా చల్లగా ఉండేది. ఆ రోజు మా అత్త చెయ్యి ఉన్నట్టే ఉండేది."

తడి గోడ చల్లగా ఉంటుంది, ఆరిన గోడ ఎండకు వెచ్చబడుతుంది. ఈ పనిలో ఉన్నవాడికి అది మొదటి పాఠం. చెబుదామని నోరు తెరిచాను. సుబ్బారావు గారు నా భుజం పట్టుకుని నన్ను రోడ్డు మీదకు నడిపించారు. వెంకాయమ్మ గారు అక్కడే, రెండో చెయ్యి కూడా గోడకు ఆనించి నిలబడి ఉన్నారు.